ఒక్క ఊపిరికి పదకొండు

కలాసిపాళ్యం సందులో
చెప్పు కాలి నుంచి జారిపోయింది.
నాకు తెలియలేదు.
ఇరవై అడుగులు నడిచాక
"అణ్ణా, నిమ్ చప్పలి!" అని పండ్ల బండివాడు కేకేశాడు.
వెనక్కి చూస్తే మోరీ పక్కన నా చెప్పు,
ఎవరిదో అన్నట్టు.
ఉత్తకాలు బురదలో ఉంది.
చల్లగా ఉందో వెచ్చగా ఉందో
కబురు రాలేదు.

రెండు వారాల ముందు కడుపు చెడింది.
ఏదో బిర్యానీ. మూడు రోజుల్లో సర్దుకుంది.
నేను మర్చిపోయాను,
నెత్తురు మర్చిపోలేదు.

మంగళవారం మోకాళ్లు. బుధవారం నడుము.
గురువారం పొద్దున రాగి తీగ చేతిలోంచి జారి
షాపు నేలంతా విప్పుకుంది.
మంజ ఆటో పిలిచాడు.

నిమ్హాన్స్‌లో చిన్న డాక్టరమ్మ
"ఒకే ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరు?" అంది.
నవ్వొచ్చింది.
లెక్కే కదా తల్లీ నా బతుకు.
కాయిల్‌కి ఎనభై నాలుగు చుట్లు,
పక్కన రేడియో అరిచినా, అప్పులవాడు వచ్చి నిలబడినా
ఒక్క చుట్టు తప్పింది లేదు.
ఒకటి, రెండు, మొదలుపెట్టాను.
పదకొండు దగ్గర ఊపిరి అయిపోయింది.
ఆమె కాగితం మీద పదకొండు అని రాసుకుని
నా మంచాన్ని ఊపిరి మిషన్ పక్కకి మార్పించింది.

మోచేతి దగ్గర కరెంటు కొట్టి
వేలి దగ్గర వెతికారు.
"మెగ్గర్ ఎంత చూపిస్తాందమ్మా?" అన్నాను.
"మీ తీగల పైపూత ఊడిపోయింది ఓబులేశుగారూ."

పైపూత సంగతి నాకా చెప్పేది!
వేడికి మాడుతుంది, చెమ్మకి ఉబ్బుతుంది,
ఎలుక కొరుకుతుంది.
మోటారు తన పూత తానే గీక్కోవడం మాత్రం
ఏ వైండింగులోనూ చూడలేదు.

నెత్తుట్లో కాపలావాళ్లేనట.
కడుపులో దూరిన పురుగుదీ
నా నరం పూతదీ ఒకే పోలికట.
కంచే చేను మేసిందని గంగరత్న ఏడ్చింది.
నేను ఒప్పుకోలేదు.
ఆ సామెతలో కంచెకు ఆకలుంది.
వీళ్లకేం ఆకలి?
మాసిన ఫోటో ఒకటి చేతిలో పెట్టుకుని
రాత్రంతా తిరిగారు, నా మొహం తగిలింది.
కదిరిలో అమ్మవారు పోసినప్పుడు
నన్ను బతికించింది వీళ్లే.
తీగ కోసిన ప్రతి వేలినీ మాన్పిందీ వీళ్లే.

మెడలో గొట్టం వేసి నెత్తురు తీసి
వడగట్టి మళ్లీ పోశారు.
రోజు విడిచి రోజు, అయిదు సార్లు.
సంచిలోకి దిగింది పసుప్పచ్చటి నీరు,
అచ్చం మేం కాయిళ్లు ముంచే వార్నిష్ రంగు.
నా కోపానికి అంత చక్కటి రంగుంటుందనుకోలేదు.
ఆయా ఎత్తుకుపోతుంటే
"ఒక్క నిమిషం" అనబోయాను.
పెదవి కదల్లేదు.

ఫిలోమినా రోజూ నా బొటనవేలు పట్టుకునేది.
"కళ్లు మూసుకోండి. పైకా, కిందికా?"
ఎనిమిది రోజులు ఊహించి చెప్పాను,
సగం సరిపోయేవి, బొమ్మాబొరుసూలాగా.
తొమ్మిదో రోజు "పైకి" అన్నాను.
అది ఊహ కాదు.
ఆమెకెలా తెలిసిందో,
వేలు వదల్లేదు చాలాసేపు.

ఇప్పుడు తీగ మంజ చుడతాడు. లెక్క నాది.
ఎడమ చిటికెన వేలు ఇంకా ఉలకదు, పలకదు.
పోనీలే.

రాత్రి గొంతు గరగర.
గంగరత్న మిరియాల కషాయమిచ్చి
పక్కకి తిరిగి పడుకుంది.
ఉత్త జలుబే. అయినా
లోపల ఎవరో లేచి
కర్రలు తీసుకుంటున్న చప్పుడు.
నాయనా, అన్నాను చీకట్లో,
లాంతరు కాస్త దగ్గరగా పెట్టి
మొహం చూడండి ఈసారి.

ఒక్క ఊపిరికి లెక్కపెట్టాను.
నలభై రెండు.
మళ్లీ పెట్టాను. నలభై.
మంచం దిగకుండానే
కాలితో చెప్పులు వెతికాను.
ఒకటి చల్లగా తగిలింది.
రెండోదాని కోసం
ఇంకా తడుముతున్నాను.